చుట్టంగారి పీట

మా మరదలు పద్మ ఫోన్ చేసిందంటే ముందు ఎండల గురించి, తరవాత కొబ్బరి దింపుల గురించి, ఆ తరవాత నా మోకాళ్ళ గురించి మాట్లాడి, అసలు సంగతికి వచ్చేసరికి పొయ్యిమీద అన్నం ఉడికిపోతుంది. ఆ రోజు అవేవీ లేవు. కొత్తపేటలో మా ఇంట్లో నేను కంచం ముందు కూర్చోబోతుంటే ఫోన్ మోగింది. మామిడికుదురు దగ్గర మా ఊరినించి, మా తమ్ముడు సూరిబాబు ఉంటున్న మా పుట్టింట్లోంచి. పద్మ గొంతు బాగా తగ్గించి, పక్కగదిలో ఎవరో వింటున్నట్టు మాట్లాడింది.

"వదినగారూ, ఈయన నన్ను 'మీరు' అంటున్నారండి."

మొగుడు పెళ్ళాన్ని మర్యాదగా పిలిస్తే అదొక కబురా అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. నాకు మాత్రం నవ్వు రాలేదు. సూరిబాబు మూడురోజుల కిందట, ఇక తాగనని దేవుడి పటం ముందు ఒట్టు వేశాడట. చుక్క ముట్టలేదట. పద్మ సంబరపడింది. ఆ రోజు పొద్దుటినించి వాడి చేతులు వణుకుతున్నాయి, ఒళ్ళంతా చెమటలు. పదకొండు దాటాక అటక ఎక్కి, పాత సామాన్ల అడుగునించి ఒక పీట దింపి, వెనక వసారాలో వేసి, దాని ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి మాట్లాడుతున్నాడట. "చుట్టంగారొచ్చేరు, మీరు కాస్త కాళ్ళకి నీళ్ళు తెండమ్మా అన్నారండి నాతోటి. అక్కడెవరూ లేరండి," అంది పద్మ.

చుట్టంగారు అన్న పిలుపు నేను విని యాభై ఏళ్ళు దాటింది. మా నాన్నగారు పోయిన రోజునే అది మా ఇంట్లో ఆగిపోయింది. అప్పటికి సూరిబాబుకి మూడేళ్ళు. ఆ తరవాత అమ్మ గానీ మామ్మ గానీ ఆ మాట పలకగా నేను వినలేదు. వాడికి ఎవరు చెప్పారో నాకు ఈనాటికీ తెలియదు. అంబులెన్సుకి ఫోన్ చెయ్యమని, వాణ్ణి ఒంటరిగా వదలవద్దని, తాగగలిగితే నీళ్ళు తాగించమని పద్మకి చెప్పి, కంచం అలాగే వదిలేసి ఆటో ఎక్కాను. దారిపొడుగునా కాలవగట్టు మీద కొబ్బరినీడలు ఆటోలోకి వచ్చి పోతూ ఉన్నాయి. నేను మాత్రం పదేళ్ళపిల్లనై మా పాత వంటింటి తలుపు సందులోంచి చూస్తున్నాను.

మా నాన్నగారు తాగేవారు. ఈ మూడు మాటల వాక్యం రాయడానికి నాకు అరవై మూడేళ్ళు పట్టింది. ముప్ఫై ఏళ్ళపాటు బడిపిల్లలకి తెలుగు వ్యాకరణం చెప్పి, కర్త ఏది, క్రియ ఏది అని బెత్తం ఊపినదాన్ని. మా ఇంటి వాక్యంలో మాత్రం కర్త ఎప్పుడూ ఇంకొకరు. అది మా మామ్మ పెట్టిన వ్యాకరణం. నాన్నగారి తల్లి, మర్యాదకి పెట్టింది పేరు. ఉట్టిమీద పెరుగు పోతే 'పిల్లిగారు వచ్చి వెళ్ళేరు' అనే మనిషి. కొడుకు తాగి వచ్చాడని ఆవిడ నోట ఎలా వస్తుంది? అందుకని నాన్నగారు తాగి వచ్చిన రోజున 'చుట్టంగారొచ్చేరు' అనేది. పక్కింటివాళ్ళ చెవిన పడినా పరువు పోదని ఆవిడ ఎత్తు. పెద్దవాళ్ళకి అది ముసుగు. నాకెవరూ ఆ ముసుగు సంగతి చెప్పలేదు. మా ఇంటికి నిజంగానే ఒక చుట్టం వస్తాడని, ఆయన వచ్చినప్పుడు నాన్నగారు ఎక్కడికో వెళ్ళిపోతారని నేను నమ్మాను.

పొద్దున్నపూట మా ఇల్లు అందరిళ్ళలాంటిదే. కాలవలో నానేసిన కొబ్బరిపీచు కుళ్ళువాసన, పొయ్యిలో చిప్పలు కాలే తియ్యటి పొగ, మామ్మ తలకి రాసుకునే ఆముదం వాసన, ఈ మూడూ కలిసిందే నాకు తెల్లవారడం. నాన్నగారు పెరట్లో పాతిన గునపం ముందు నిలబడి కాయలు వలిచేవారు. మొలక వచ్చిన కాయ తగిలితే పక్కన పెట్టి, చివర్లో కొట్టి, లోపలి పువ్వు చెదరకుండా తీసి, "ఒసే అమ్మాజీ, రావే" అని కేకేసేవారు. ఆ పువ్వు మెత్తగా, చల్లగా, కాస్త తియ్యగా ఉండేది. ఆ 'ఒసే' ఇంకా తియ్యగా ఉండేది. ఆయన కిర్రుచెప్పులు వేసుకుని తోటకని బయల్దేరితే, వీధి మలుపు తిరిగేదాకా ఆ కిర్రుమనే చప్పుడు వినబడేది. ఆ తరవాతనించి మా ఇల్లు చెవులు రిక్కించుకునేది.

మధ్యాహ్నం ఆ చప్పుడు వీధిగుమ్మంలోకి వస్తే వచ్చింది నాన్నగారు. పక్కసందులోంచి వెనక వసారా వైపు పోతే చుట్టంగారు. సందు మొదట్లో రెండుసార్లు దగ్గు వినబడేది. అది వినగానే మామ్మ చేతిలో జపమాల ఆగేది. "చుట్టంగారొచ్చేరే. కాళ్ళకి నీళ్ళెట్టు," అనేది అమ్మతో. అమ్మ పనసచెక్క పీట వాల్చి, పక్కన చెంబుతో నీళ్ళు, మడతపెట్టిన తువ్వాలు ఉంచి, వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి, తలుపు వెనక నిలబడేది. వసారాలోంచి ఆ మనిషి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేవాడు. అమ్మ తలుపు ఇవతలనించి ప్రతిదానికీ ఔనన్నట్టు "ఆయ్... ఆయ్..." అంటూ ఉండేది. ఇంట్లో ఇంకే అలికిడీ ఉండేది కాదు. పట్టపగలు, ఎండ వాకిట్లో తెల్లగా పరుచుకుని ఉండగా, అంత భయం నేను ఇంకెప్పుడూ ఎరగను.

ఆయన కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. ఆ మాట మా వాళ్ళు పదేపదే చెప్పుకునేవాళ్ళు. కొట్టని తాగుడు తాగుడే కాదన్నట్టు. నిజానికి తాగితే మా నాన్నగారికి మర్యాద ఎక్కువయ్యేది. ఒకనాడు తలుపు సందులోంచి చూస్తున్న నన్ను ఆయన చూశారు. నాన్నగారి చొక్కా, నాన్నగారి చెవి పక్క పుట్టుమచ్చ. కళ్ళు మాత్రం నన్ను ఎప్పుడూ చూడనివాళ్ళ కళ్ళు. చెయ్యెత్తి నమస్కారం పెట్టి, "మీరెవరి అమ్మాయండీ?" అన్నారు. నేను జవాబు చెప్పలేదు. ఆ రోజునించి నాకు రుజువు దొరికినట్టయింది. నా పేరు తెలియని మనిషి నాన్నగారెలా అవుతారు? అప్పట్నించి నా వాటా కొబ్బరిపువ్వులో సగం తీసుకెళ్ళి ఆ పీటమీద పెట్టేదాన్ని, అది తిని చుట్టంగారు తొందరగా వెళ్ళిపోతారని. మర్నాటికి అది ఉండేది కాదు. కాకులో చీమలో తినేవని ఇప్పుడు తెలుసు.

ఒకసారి పక్కింటావిడ వచ్చి నాన్నగారున్నారా అని అడిగితే, "నాన్నగారు లేరండి, చుట్టంగారున్నారు," అన్నాను. ఏ చుట్టమని ఆవిడ అడగలేదు. "ఆయ్" అని వెనక్కి వెళ్ళిపోయింది. అంటే ఊరందరికీ తెలుసు, ఊరంతా మా మర్యాద కాపాడుతోంది. గోదావరి జిల్లావాళ్ళు మర్యాదతో మనిషిని చంపేస్తారని లోకం వేళాకోళమాడుతుంది కదా. నేనూ పదిమందిలో నవ్వుతాను. నవ్వాక మా వెనక వసారా గుర్తుకొస్తుంది.

చివరికి మామ్మ పోరు పడలేక నాన్నగారు గుళ్ళో ప్రమాణం చేసి మానేశారు. రెండురోజులు బాగానే ఉన్నారు. మూడోరోజు ఒళ్ళంతా వణుకు, చెమటలు. తనే పీట వేసి, ఖాళీ పీట ఎదుట నిలబడి, "రండి, రండి, ఎండన పడొచ్చేరు," అని ఎవరినో కూర్చోబెట్టారు. నేనొక్కదాన్నే నమ్మిన చుట్టాన్ని ఆ రోజు ఇంటిల్లిపాదీ నమ్మారు. ఏదో గాలి ఇన్నాళ్ళూ పట్టుకుని ఉందని, ప్రమాణం తట్టుకోలేక బయటికి వస్తోందని అన్నారు. పొరుగూరినించి భూతవైద్యుణ్ణి పిలిపించారు. అతను వేపమండలతో దిగదుడిచి, గదిలో పెట్టి తలుపు వెయ్యమన్నాడు. మర్నాటి మధ్యాహ్నందాకా అన్నం గానీ నీళ్ళు గానీ ఇవ్వవద్దన్నాడు. లోపలినించి నాన్నగారు చాలా మర్యాదగా, "అమ్మగారూ, కాసిని మంచినీళ్ళండీ," అని అడుగుతూనే ఉన్నారు. అమ్మ తలుపు ఇవతల నిలబడి "ఆయ్... ఆయ్..." అంటూ ఏడుస్తోంది, గడియ మాత్రం తియ్యలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇల్లు చల్లబడింది. తలుపు తీసి లోపలికి వెళ్ళిన మామ్మ చాలాసేపటికి బయటికి వచ్చి, గుమ్మంలో కూలబడి, "చుట్టంగారు వెళ్ళిపోయేరు," అంది. నేను ఎగిరి గంతేశాను. ఇది ఎవరికీ చెప్పుకోలేదు ఇన్నేళ్ళూ. ఆయన వెళ్ళిపోయాడు, నాన్నగారు వచ్చేస్తారు అనుకుని, ఎవరాపుతున్నా ఆగకుండా, పువ్వు ఇవ్వమని అడగడానికి గదిలోకి పరిగెత్తాను.

ఆటో దిగేసరికి సూరిబాబు వెనక వసారాలోనే ఉన్నాడు. పద్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆ పీట చూడగానే గుర్తుపట్టాను, ఒక మూల నొక్కు కూడా అలాగే ఉంది. పొరుగువాళ్ళు ఇద్దరు అప్పటికే గాలి సోకిందేమో, తాడు కట్టించండని సలహా చెబుతున్నారు. వాడు నాకేసి తిరిగాడు. యాభై ఆరేళ్ళ మొహంలో మా నాన్నగారి కళ్ళు. చెయ్యెత్తి నమస్కారం పెట్టి, "మీరెవరి అమ్మాయండీ?" అన్నాడు.

ఈసారి జవాబు చెప్పాను. "నేను అమ్మాజీనిరా, మీ అక్కని. పద ఆసుపత్రికి," అని చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి చేపపిల్లలా కొట్టుకుంటోంది. అంబులెన్సు వచ్చింది. వాడు ఎక్కేముందు వెనక్కి తిరిగి, పీటకేసి చూసి, ఇప్పుడే వస్తానండి అని సెలవు తీసుకున్నాడు. నేను ఆ వైపు చూడకుండా తల తిప్పుకున్నాను. చదువుకున్నదాన్నే, అయినా తిప్పుకున్నాను.

అమలాపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ నాకు కూతురి ఈడుది. ఏళ్ళ తరబడి తాగిన ఒళ్ళు, హఠాత్తుగా ఆపితే ఇలా తిరగబడుతుందని, లేనిపోనివి కనబడతాయని, కొందరికి ప్రాణంమీదికి వస్తుందని, అందుకే మానాలంటే డాక్టరు కనిపెట్టి ఉండగా మానాలని నిదానంగా చెప్పింది. ఇంకో రోజు ఆగి ఉంటే కష్టమయ్యేదండి అంది. అందరికీ చుట్టాలే కనబడతారా అని అడిగాను. ఆ అమ్మాయి నాకేసి వింతగా చూసి, పురుగులు, మనుషులు, ఎవరికి ఏదైనా కనబడవచ్చండి అంది. నేను వరండాలోకి వచ్చి బల్లమీద కూర్చున్నాను. ఆనాడు మా చుట్టుపక్కల ఈ జబ్బుకి వైద్యం దొరికేదో లేదో నాకు తెలియదు. నీళ్ళు మాత్రం దొరికేవి.

సూరిబాబు మనిషయ్యాడు. ఆసుపత్రినించి పంపించేముందు నర్సు ఒక కాగితం మీద రెండు చిరునామాలు రాసి ఇచ్చింది. ఒకటి తాగుడు మానాలనుకునేవాళ్ళు కలుసుకునే బృందం, రెండోది వాళ్ళ ఇళ్ళవాళ్ళది. మందులు కొన్నాళ్ళే, తరవాత మనుషులు కావాలండి అంది. పద్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "మనమేం తాగేం వదినగారూ, మనకెందుకండీ?" అంది. పాపం, ఆవిడ చెయ్యని ప్రయత్నం లేదు. గోడలమీద రాసి ఉండే తాగుడు మాన్పించే మందు తెప్పించి, చెప్పకుండా కూరలో కలిపింది. ఏటేటా మాల వేయించింది. మాలలో ఉన్న నలభై రోజులూ దేవుడిలా ఉండి, ఇరుముడి దించిన మర్నాడే మళ్ళీ సందులోంచి వచ్చేవాడు సూరిబాబు. ఇక ఆ బృందానికి రమ్మంటే, తనకి జబ్బు నయమైపోయిందని వాడు ససేమిరా అన్నాడు. మేమిద్దరమే బయల్దేరాం.

వెళ్ళడమూ తేలిగ్గా జరగలేదు. కాగితంలో ఉన్న చోట కుట్టుమిషన్ల కొట్టు ఉంది. అక్కడ ఎవరినైనా అడగాలంటే ఏమని అడగాలి? పద్మ నన్ను చూసింది, నేను పద్మని చూశాను. కొట్టతనికి, చుట్టాలకోసం వచ్చామని చెప్పి తిరిగి వచ్చేశాం. ఆటోలో కూర్చున్నాక ఆ మాట ఎవరి నోటినించి వచ్చిందో తెలిసి నాకు నామీదే అసహ్యం వేసింది. ఇంటికి వచ్చి, కాగితం వెనక ఉన్న ఫోన్ నంబరుకి చేశాను. ఒక పెద్దమనిషి ఎత్తాడు. ఎవరు, ఏ ఊరు అని అడగలేదు. తాగేది మీరాండీ, మీ ఇంట్లోవాళ్ళాండీ అని మాత్రం అడిగి, కొత్త చోటు గుర్తులు చెప్పి, ఆదివారం మూడింటికి రమ్మన్నాడు.

అదొక ట్యుటోరియల్ కాలేజీ మేడ. పక్కపక్కన రెండు గదులు, మధ్యన ప్లైవుడ్ అడ్డు. ఒక దాంట్లో తాగుడు మానుతున్నవాళ్ళు, రెండోదాంట్లో మేము ఏడుగురం. రూతమ్మగారని రిటైరైన టీచరు మమ్మల్ని కూర్చోబెట్టి పద్ధతి చెప్పారు. ఇక్కడ విన్నది ఇక్కడే వదలాలి. ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వకూడదు. మాట్లాడినవాళ్ళు ఆపాక అందరూ "ఆయ్" అంటారు, అంతే. మొదటివారం ఎవరో మాట్లాడి ఆగగానే అన్ని గొంతులూ ఒక్కసారి "ఆయ్" అనేసరికి నాకు మా వంటింటి తలుపు కనబడింది. సరిగ్గా అప్పుడే ప్లైవుడ్ అవతల ఎవరో రెండుసార్లు దగ్గారు. నా చేతిలో టీ ఒలికింది. ఎవరో ముసలాయన, ఆయనకి జలుబు.

అక్కడ ఎవరు ఏం చెప్పారో రాయను. ఒక్కటి మాత్రం అందరి అనుమతితో రాస్తున్నాను. అక్కడున్న ప్రతి ఇంట్లోనూ దానికొక దొంగపేరుంది. మూడోవారం నేను నోరు విప్పి, ఇక్కడ రాసినదంతా చెప్పాను, ఎగిరి గంతేసిన సంగతితో సహా. చుట్టాన్ని పొమ్మనకూడదని నేర్పారండి మాకు అన్నాను. అందరూ "ఆయ్" అన్నారు. మెట్లు దిగుతుంటే రూతమ్మగారు నా పక్కకి వచ్చి, "మా ఇంట్లో పీటేసింది నేనేనండి, ముప్ఫై ఏళ్ళు," అని, తన చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

నెల తిరగకుండా సూరిబాబు మళ్ళీ తాగాడు. ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. సందులో అడుగులు, రెండు దగ్గులు. నా కాళ్ళు వాటంతటవే వంటింటివైపు నడిచాయి. పద్మ చెయ్యి కూడా అలవాటుగా చెంబుమీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది. చెంబు వదిలేసి, వెళ్ళి వెనక తలుపు బార్లా తీసి, గుమ్మంలో నిలబడింది.

"చుట్టాలెవరూ లేరండి. మీరే తాగొచ్చేరు," అంది. గొంతు హెచ్చించలేదు.

వాడు ఎండలో చాలాసేపు నిలబడ్డాడు. పీట ఉండే చోటుకేసి చూశాడు. తరవాత వచ్చిన సందులోంచే వెనక్కి వెళ్ళి, వీధివైపు తిరిగి, ఊరందరూ చూస్తుండగా ముందు మెట్లమీద తల పట్టుకుని కూర్చున్నాడు. మా ఇంట్లో తాగిన మనిషి వీధిగుమ్మంలోకి రావడం అదే మొదలు. మర్నాడు పద్మ వాణ్ణి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది, ఈసారి ఒట్లు లేవు. బతిమాలడమూ లేదు. నేను ఆదివారాలు అక్కడికి వెళ్తున్నానండి అని మాత్రం ఒక్కసారి చెప్పి ఊరుకుంది. ఆ పీటని పొయ్యిలో పెట్టమన్నాను. పనసచెక్క, బంగారంలాంటిదండి అని ఒప్పుకోలేదు. ఇప్పుడు దానిమీద కూర్చునే కొబ్బరి కోరుతుంది. నేను మాత్రం దానిమీద ఇంతవరకు కూర్చోలేదు.

తరవాత ఒక ఆదివారం మేము ఆటో ఎక్కుతుంటే సూరిబాబు చొక్కా తొడుక్కుని వచ్చి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. మేడమీదికి వచ్చాక తనే అవతలి గదిలోకి వెళ్ళాడు. ఇవతల రూతమ్మగారు ఇంకా మొదలుపెట్టలేదు, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇది రాయవచ్చా అని తరవాత వాణ్ణి అడిగాను, రాయక్కా అన్నాడు. ప్లైవుడ్ అవతల రెండుసార్లు దగ్గు వినబడింది. ఈసారి అది జలుబు ముసలాయనది కాదు. గొంతు మా నాన్నగారిదే. పద్మ నా చెయ్యి పట్టుకుంది.

"నా పేరు సూరిబాబండి. మా ఇంటికి చుట్టాలెవరూ రాలేదండి. తాగింది నేనేనండి."

అవతలి గదిలోవాళ్ళు పలికేలోపలే, అమ్మ నిలబడ్డట్టే అడ్డుకి ఇవతల నిలబడి, నేను "ఆయ్" అన్నాను.